మీట నొక్కితే చాలునా?

“ఎవరో రచించిన పాట, ఎవరో కూర్చిన బాణీ, ఎవరిదో గొంతు. వాటిని యంత్రంలో పెట్టి మీట నొక్కేవానికి విద్యతో పనేమిటి?” డిస్క్ జాకీ, అనగా డీజే, ప్రస్తావన వచ్చినప్పుడల్లా వినవచ్చే ఆక్షేపణ ఇది. గాయకునికి గాత్రసాధన ఉంది, వైణికునికి వేళ్ల సాధన ఉంది. డీజే విషయంలో పనంతా విద్యుత్తే చేస్తుంది కదా అని ఆక్షేపించేవారి వాదం.

తెలుగునాట ఈ భావానికి మరొక కారణం కూడా తోడయింది. పెళ్లి ఊరేగింపుల్లో, వినాయక నిమజ్జనాల్లో లారీ మీద పేర్చిన స్పీకరు పెట్టెలనే జనం ‘డీజే’ అంటున్నారు. ‘డీజే పెట్టించారు’ అంటే ఒక కళాకారుణ్ణి పిలిపించారని కాదు, పెట్టెలు తెప్పించారని అర్థం. 2024లో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించినప్పుడు, ఆ నిషేధానికి కారణం చెవులు పగిలే ఆ శబ్దమే. మాటలోనే మనిషి మాయమైనప్పుడు అతని విద్య కనబడకపోవడంలో వింత లేదు. కనుక ముందుగా ఆ మనిషిని వెదకాలి.

అతని కథ అమెరికాలో మొదలవుతుంది. రేడియోలో రికార్డులు వేస్తూ మాట్లాడేవారికి అక్కడ డిస్క్ జాకీ అనే పేరు పూర్వమే ఉంది. ఆ పనిని వాద్యవిద్య స్థాయికి తెచ్చినవారు మాత్రం న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతపు పేద యువకులు. 1970వ దశకంలో బ్రాంక్స్‌లో వీధులకు వీధులే పాడుబడ్డాయి, ఇళ్లు తగలబడ్డాయి. 1975లో నగరపాలన అప్పుల్లో కూరుకుపోయి వేలాదిమంది ఉపాధ్యాయులను తొలగించినప్పుడు, పాఠశాలల్లో సంగీత బోధనకు కూడా కోత పడింది. పియానో కొనలేని ఇళ్లలో సైతం పాత రికార్డులు ఉండేవి. ఆ యువకులకు దొరికిన వాద్యం అదే.

1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520 నంబరు భవనంలో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక వేడుక ఏర్పాటు చేసింది. ప్రవేశ రుసుము వసూలు చేసి, బడి తెరిచేనాటికి కొత్త బట్టలు కొనుక్కోవాలని ఆమె ఆలోచన. ఆ రాత్రి రికార్డులు వేసినవాడు ఆమె అన్న క్లైవ్. జమైకాలో పుట్టి, పన్నెండేళ్ల వయసులో న్యూయార్క్ చేరిన ఈ యువకుడే తర్వాత ‘కూల్ హెర్క్’గా ప్రసిద్ధుడయ్యాడు. నృత్యం చేసేవారు పాటంతటికీ ఒకేవిధంగా స్పందించడం లేదని అతడు గమనించాడు. గానం ఆగి, డ్రమ్ముల లయ ఒక్కటే మిగిలే కొద్ది క్షణాల కోసం వారు కాచుకొని ఉండేవారు. ఆ భాగాన్ని ‘బ్రేక్’ అంటారు. హెర్క్ ఒకే రికార్డు ప్రతులు రెండు తెచ్చి, ఒకదానిలో బ్రేక్ ముగియగానే రెండవదానిలో అదే బ్రేక్ మొదలుపెట్టి, కొన్ని క్షణాల లయను నిమిషాల తరబడి సాగదీశాడు. ఈ పద్ధతికి అతడు పెట్టిన పేరు ‘మెర్రీ గో రౌండ్’, అంటే రంగులరాట్నం.

ఆలోచన గొప్పదే గాని, ఒక రికార్డు నుండి మరొకదానికి మారే చోట హెర్క్ చేతిలో లయ తరచు తప్పేది. ఆ లోపాన్ని సవరించినవాడు జోసెఫ్ శాడ్లర్. రంగస్థలనామం ‘గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్’. వృత్తివిద్యా పాఠశాలలో ఎలక్ట్రానిక్స్ చదివిన ఇతడు లయను లెక్కగా చూశాడు. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డు ఒక్క చుట్టు పూర్తిచేయడానికి 1.8 సెకన్లు పడుతుంది. నిమిషానికి 100 దెబ్బలు పడే పాటలో ఆ వ్యవధికి సరిగ్గా మూడు దెబ్బలు. బ్రేక్ పదహారు దెబ్బలదైతే 9.6 సెకన్లలో ముగిసిపోతుంది. ఆ లోగా రెండవ రికార్డును ఐదు చుట్లకు పైగా వెనక్కి తిప్పి, మొదటి దెబ్బ ముల్లు కిందికి వచ్చేటట్లు నిలిపి, క్షణం తప్పకుండా వదలాలి. వదిలిన వెంటనే మొదటి రికార్డును వెనక్కి తిప్పడం మొదలుపెట్టాలి. ఇలా రాత్రంతా!

ఇందుకోసం ఫ్లాష్ రికార్డు మీద రంగుతో గీత గీసి, గడియారపు ముల్లును చూసినట్లు ఆ గీత ఏ దిక్కున ఉన్నదో చూసి చుట్లు లెక్కపెట్టేవాడు. రికార్డు కింది రబ్బరు పరుపు చేతికి అడ్డు తగులుతుంటే, దాన్ని తీసివేసి ఫెల్టు గుడ్డను గుండ్రంగా కత్తిరించి, గంజి పట్టించి ఇస్త్రీ చేసి వాడాడు. కింద పళ్లెం తిరుగుతున్నా పైన రికార్డు చేతికింద కదలక నిలవడం ఆ గుడ్డ మహిమ. సభకు వినబడక ముందే రెండవ రికార్డును తాను వినడానికి హెడ్‌ఫోనుకు ఒక మీట కూడా స్వయంగా అమర్చుకున్నాడు. మీట నొక్కడమే పని అని ఆక్షేపించేవారు ఆ మీటను కూడా అతడే తయారుచేసుకున్నాడని ఎరుగరు. 1981లో ఇతడు మూడు టర్న్‌టేబుళ్లపై ఏడు నిమిషాల పాటు వాయించిన రచన రికార్డుగా వెలువడింది. ముక్కలు అతికి కూర్చినది కాదు. చెయ్యి తప్పితే మళ్లీ మొదటి నుండి ఆరంభించవలసిందే.

అదే బ్రాంక్స్‌లో 1975 ప్రాంతంలో థియొడోర్ లివింగ్‌స్టన్ అనే బాలుడు, తల్లి కోప్పడుతుంటే ఆమె మాట వినడానికి రికార్డును చేత్తో ఆపి పట్టుకున్నాడు. చెయ్యి అటూ ఇటూ కదలగా ఒక కొత్త ధ్వని పుట్టింది. అదే ‘స్క్రాచ్’. ధ్వని యాదృచ్ఛికమే గాని, దాన్ని నలుగురిలో వాయించడానికి ముందు అతడు నెలల తరబడి సాధన చేశాడు. వాయులీనంలో కమాను ఒక చేతా, తీగపై వేళ్లు మరొక చేతా నడిచినట్లు, స్క్రాచ్‌లో ఒక చెయ్యి రికార్డును కదుపుతుండగా రెండవ చెయ్యి మిక్సరుపై ధ్వనిని తెంపుతూ, కలుపుతూ ఉంటుంది. 1983లో ప్రఖ్యాత జాజ్ విద్వాంసుడు హెర్బీ హాంకాక్ తన ‘రాకిట్’ అనే రచనలో ఈ ధ్వనికి ఇతర వాద్యాల సరసన చోటిచ్చాడు. ఆ రచనకు గ్రామీ పురస్కారం లభించింది.

రెండు వేర్వేరు పాటలను కలపడం మరొక విద్య. 1960ల చివరనే మన్‌హాటన్ నృత్యశాలల్లో ఫ్రాన్సిస్ గ్రాసో దీన్ని సాధించాడు. నిమిషానికి 120 దెబ్బల పాటను 126 దెబ్బల పాటతో కలపాలంటే మొదటిదాని వేగం 5 శాతం పెంచాలి. రికార్డు వేగం పెరిగితే శ్రుతి కూడా పెరుగుతుంది; 6 శాతానికి దాదాపు ఒక స్వరస్థానం జరుగుతుంది. ఇక వేగంలో అర శాతం తేడా మిగిలినా, ఒక్క నిమిషంలో రెండు పాటల నడుమ అర దెబ్బకు మించిన ఎడం వచ్చి, గుర్రపు డెక్కల చప్పుడు వినిపిస్తుంది. ఒక చెవి సభలోని పాటకు, మరొక చెవి హెడ్‌ఫోనులోని పాటకు అప్పగించి ఈ తేడాను పసిగట్టాలి.

ఆక్షేపణలో నిజం లేకపోలేదు. నేడు కంప్యూటరు రెండు పాటల వేగాలను తానే సరిచేస్తుంది. ముందే సిద్ధం చేసిన సంగీతాన్ని వినిపిస్తూ వేదిక మీద చేతులు ఊపేవారూ ఉన్నారు. వారిని చూసి విద్య లేదనడం, పెదవులు మాత్రమే కదిపే గాయకుణ్ణి చూసి గాత్రవిద్యే లేదనడం వంటిది. ఇతరుల పాట అన్న ఆక్షేపణ కూడా సగమే నిలుస్తుంది. త్యాగరాజ కీర్తన పాడే విద్వాంసుడు దాన్ని రచించలేదు. అయితే అతడు తన గొంతుతో పాడుతున్నాడు, డీజే గొంతు కూడా అరువే అనవచ్చు. అది నిజమే. డీజే సొంతం ఎంపికలో, వరుసలో, సమయంలో ఉంది.

యంత్రానికి ఇంకా పూర్తిగా అందనిది అదే. ఒక పాట మొదలయ్యాక ముందు వరుసవారు ఆడుతున్నారా, వెనుకవారు కుర్చీలు వెదుక్కుంటున్నారా, పెద్దలు విసుక్కుంటున్నారా అని చూసి, మూడు నిమిషాల్లోగా తర్వాతి పాటను నిర్ణయించాలి. జనం బాగా కోరే పాటను తొందరపడి ముందే వేస్తే తర్వాతి గంటంతా చప్పబడుతుంది. మరీ ఆలస్యం చేస్తే వినడానికి జనమే ఉండరు.

1972లో జపానులో తయారై, డీజేలకు ప్రామాణిక వాద్యంగా మారిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 టర్న్‌టేబుల్ ఉత్పత్తి 2010లో ఆగిపోయింది. వేగాలను సరిచేసే కంప్యూటర్లు అప్పటికే ఎక్కడ చూసినా ఉన్నాయి. అయినా 2016లో ఆ కంపెనీ దాన్ని మళ్లీ తయారు చేయడం ప్రారంభించింది.