చిన్నారుల భద్రతకు తొలి పాఠం - భయం లేకుండా చెప్పడం

ప్రాథమిక పాఠశాలల్లో చదివే 6 నుంచి 10 సంవత్సరాల వయసు బాలబాలికలు ఇల్లు, వీధి, చెరువు గట్టు, పాఠశాల ఆవరణ మధ్యనే రోజంతా గడుపుతారు. వారికి ఎదురయ్యే ప్రమాదాలు కూడా ఎక్కువగా ఈ పరిధిలోనివే. "జాగ్రత్త" అని హెచ్చరించినంత మాత్రాన ఏం చేయాలో ఈ వయసు పిల్లలకు బోధపడదు. ఆపద ఎదురైనప్పుడు ఏం చేయాలి, వెంటనే ఎవరికి చెప్పాలి అన్న రెండు విషయాలను అలవాటయ్యే వరకు నేర్పడమే భద్రతా విద్య. వీటిలో రెండోది మరింత ముఖ్యమైనది. పెద్దలు తిడతారన్న భయంతో పిల్లలు దాచిపెట్టిన చిన్న సంఘటనే ఒక్కోసారి వారి ప్రాణాల మీదికి తెస్తుంది.

గీతే కదా అని దాచరాదు

ఇందుకు కుక్కకాటు స్పష్టమైన ఉదాహరణ. అనుమానాస్పద జంతువుల కాటుకు గురవుతున్న వారిలో దాదాపు 40 శాతం 15 ఏళ్ల లోపు బాలలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంది. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత బతికించడం దాదాపు అసాధ్యం. అయితే సకాలంలో చికిత్స అందితే ఈ వ్యాధిని పూర్తిగా నివారించవచ్చు. గాయాన్ని వెంటనే ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాల పాటు కడగాలి. పసుపు, కారం, సున్నం వంటివి పూయరాదు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లి, వైద్యులు చెప్పిన తేదీల్లో టీకా మోతాదులన్నీ వేయించాలి.

ఇవన్నీ పెద్దలు చేయవలసిన పనులు. బాలుడు చేయవలసింది ఒక్కటే - కుక్క కరిచినా, గోటితో గీరినా ఆ రోజే చెప్పడం. "దాని దగ్గరికి ఎందుకు వెళ్లావు?" అని చేయిచేసుకునే ఇంట్లో ఆ మాట బయటికి రాదు. అందువల్ల ఈ పాఠం పిల్లలకు ఎంత అవసరమో, తల్లిదండ్రులకూ అంతే అవసరం.

నీరు, రహదారి

వర్షాకాలంలో నిండే కుంటలు, క్వారీ గుంతలు, కాలువలు పిల్లలను ఆకర్షిస్తాయి. ఒకరు మునిగిపోతుంటే కాపాడబోయి, ఈత రాని మిగిలిన వారూ నీటిలో దిగడం వల్ల ఒకే సంఘటనలో ఇద్దరు ముగ్గురు మరణిస్తున్న సందర్భాలు ఉన్నాయి. స్నేహితుడిని రక్షించాలన్న తపన మంచిదే అయినా, నీటిలో దిగరాదని పిల్లలకు గట్టిగా నేర్పాలి. పెద్దగా కేకలు వేసి సమీపంలోని పెద్దలను పిలవడం, గట్టు మీద నుంచే తాడు, పొడవాటి కర్ర, ఖాళీ ప్లాస్టిక్ డబ్బా వంటివి అందించడం వారు చేయదగిన సహాయం.

ఎదురుగా వచ్చే వాహనం ఎంత వేగంతో, ఎంత దూరంలో ఉందో అంచనా వేసే శక్తి ఈ వయసులో పూర్తిగా ఏర్పడదు. కనుక రోడ్డు దాటడాన్ని నల్లబల్లపై బొమ్మ వేసి చెబితే సరిపోదు. పెద్దల చేయి పట్టుకుని, పాఠశాల ముందున్న రోడ్డుపైనే పలుమార్లు సాధన చేయించాలి. ద్విచక్ర వాహనంపై ప్రయాణించే 4 ఏళ్లు పైబడిన పిల్లలకు కూడా హెల్మెట్ తప్పనిసరి అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం నిర్దేశిస్తోంది.

తెలిసినవారి వల్లనే...

లైంగిక వేధింపుల విషయంలో "అపరిచితులతో జాగ్రత్త" అన్న హెచ్చరిక ఒక్కటే చాలదు. అత్యధిక కేసుల్లో నిందితులు బాధిత బాలలకు తెలిసినవారేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో నివేదికలు వెల్లడిస్తున్నాయి. తన శరీరం తనదేనని, ఇష్టం లేని స్పర్శను ఎవరికైనా "వద్దు" అనవచ్చునని, "ఎవరికీ చెప్పకు" అని ఎవరైనా అంటే ఆ మాటనే ముందుగా చెప్పాలని పిల్లలకు తెలియజేయాలి. ఒకరు వినకపోతే మరొకరికి చెప్పాలని కూడా నేర్పాలి.

విన్నవారిపై చట్టపరమైన బాధ్యత ఉంది. 2012 నవంబరు 14 నుంచి అమలులో ఉన్న పోక్సో చట్టం ప్రకారం, నేరం జరిగినట్లు తెలిసిన ప్రతి వ్యక్తీ పోలీసులకు సమాచారం ఇవ్వాలి. సంస్థ పరువు పోతుందని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చు. ఇటువంటి వార్తలు రాసే పాత్రికేయులు బాలల పేరు, చిరునామా, ఫొటో, పాఠశాల వివరాలు వెల్లడించడాన్ని ఈ చట్టం నిషేధిస్తోంది.

పెద్దలు చేయవలసినది

పిల్లలకు జాగ్రత్తలు నేర్పినంత మాత్రాన పెద్దల బాధ్యత తీరదు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణం పాఠశాలలో చెలరేగిన మంటల్లో 94 మంది చిన్నారులు మరణించారు. పూరి కప్పు కింద, ఇరుకు గదుల్లో కూర్చోబెట్టిన పిల్లలను ఏ పాఠమూ రక్షించలేదు. సురక్షితమైన పాఠశాల విద్యాహక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2009లో స్పష్టం చేసింది. పాడుబడిన బోరుబావులను పూడ్చాలని, తవ్వే చోట కంచె, హెచ్చరిక బోర్డు ఏర్పాటు చేయాలని 2010లో ఆదేశించింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో పాఠశాలల భద్రతపై మార్గదర్శకాలు జారీ చేసింది. పాఠశాల తనిఖీకి వెళ్లే అధికారులు వేలాడే విద్యుత్ తీగలు, మూత లేని నీటి తొట్లు, పగుళ్లు బారిన గోడలు, గడువు తీరిన అగ్నిమాపక పరికరాలను కూడా పరిశీలించవలసి ఉంది.

వారానికి ఒక్క పీరియడ్

భద్రతా విద్యకు పెద్ద ఖర్చు అవసరం లేదు. వారానికి ఒక పీరియడ్‌లో ఒక్కొక్క అంశాన్ని ఆటగా, నాటికగా అభ్యాసం చేయించవచ్చు. తన పూర్తి పేరు, ఊరు, తల్లిదండ్రుల ఫోన్ నంబరు ప్రతి విద్యార్థికీ కంఠస్థం కావాలి. అత్యవసర సహాయానికి 112, అంబులెన్స్‌కు 108, బాలల సహాయానికి 1098 నంబర్లను తరగతి గోడపై రాసి, ఫోనులో ఏం చెప్పాలో పిల్లల చేత పలికించాలి. భయపెట్టే కథలు పిల్లలను మౌనంగా మారుస్తాయి కనుక వాటికి దూరంగా ఉండాలి.

"వెంటనే చెప్పావు, మంచి పని చేశావు" - ఆపద గురించి చెప్పిన చిన్నారికి ఇంట్లో, బడిలో మొదట వినిపించవలసిన మాట ఇదే. జరిగిన పొరపాటు గురించి తరువాత వివరించవచ్చు. ఈ ఒక్క అలవాటును పెద్దలు పాటిస్తే, తరగతి గదిలో నేర్పిన జాగ్రత్తలన్నీ చిన్నారులకు నిజమైన రక్షణగా మారతాయి.