సగటు 0.6 సెకన్లు, భక్తుడికి 20

తిరుమల రూ.300 ప్రత్యేక ప్రవేశ దర్శనం కోటాను నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతారు, సాధారణంగా ఉదయం 10 గంటలకు. ఎక్కడెక్కడి జనమో ఒకే నిమిషంలో మీద పడతారు. అంత రద్దీ ఉండే బుకింగ్‌కు ఎర్రర్ ట్రాకర్ పెట్టాలా, ఏపీఐ వేగాన్ని కొలిచే మానిటర్ పెట్టాలా?

ఊహించి ఒక లెక్క వేద్దాం. లక్ష మంది వచ్చారు. లాగిన్, తేదీ, స్లాట్, భక్తుల వివరాలు, చెల్లింపు... మనిషికి 5 ఏపీఐ కాల్స్. నూటికి 98 కాల్స్‌కు 0.2 సెకన్లలో జవాబొచ్చింది, మిగతా రెండింటికి 20 సెకన్లు పట్టింది. సగటు 0.596 సెకన్లు. నూటికి 95 కాల్స్ ఎంతలోపు ముగిశాయో చెప్పే పీ95 కూడా 0.2 దగ్గరే నిలుస్తుంది. పీ99 చూస్తేనే ఆ 20 బయటపడుతుంది. ఒక కాల్ ఆలస్యానికీ మరోదానికీ సంబంధం లేదనుకుంటే, అయిదింటిలో ఒక్కటైనా నెమ్మదించే అవకాశం 9.6 శాతం. అంటే లక్షలో సుమారు 9,600 మంది ఎక్కడో ఒకచోట ఇరుక్కున్నారు. స్లాట్లు చూస్తుండగానే అయిపోయే చోట 20 సెకన్లు చాలా ఎక్కువ.

ఇంత జరిగినా ఎర్రర్ ఒక్కటీ లేదు, అన్నిటికీ ‘సవ్యంగా జరిగింది’ అని చెప్పే 200 కోడే వచ్చింది. ఎర్రర్లను మాత్రమే పట్టే ట్రాకర్‌కు ఇదేదీ కనబడదు.

అలాగని మానిటర్ ఒక్కటే చాలదు. ఏదో ఒక ఫోన్ మోడల్‌లో చెల్లింపు బటన్ నొక్కగానే యాప్ మూసుకుపోతే, ఆ కాల్ సర్వర్ దాకా రానే రాదు. ఏ రిలీజ్ తర్వాత, ఏ ఫైల్లో, ఏ లైన్ దగ్గర ఆగిందో ట్రాకరే చెప్పగలదు. ఖర్చు మాత్రం చూసుకోవాలి: ఒకే బగ్ వేలసార్లు వచ్చినా తెర మీద ఒకే వరుసగా కనిపిస్తుంది, ట్రాకర్ ప్లాన్ ఇచ్చే ఎర్రర్ల కోటాలో మాత్రం ప్రతిసారీ ఒకటి తరుగుతుంది. సెంట్రీ అనే ఎర్రర్ ట్రాకర్ ఉచిత ప్లాన్ నెలకు 5,000 ఎర్రర్లిస్తుంది. అలాంటి రద్దీలో అవి నిమిషాల్లో హరించుకుపోతాయి.

సెంట్రీలో ఇప్పుడు కాల్స్ వేగాన్ని చూపే ట్రేసింగ్ ఉంది, మానిటర్లయిన న్యూ రెలిక్, డేటాడాగ్‌లలో ఎర్రర్ ట్రాకింగ్ ఉంది. కాబట్టి తేల్చుకోవాల్సింది ముందు దేనికి డబ్బు పెట్టాలన్నది. దర్శనం కోటా లాంటి బుకింగ్‌కైతే నా ఓటు మానిటర్‌కే, అలారం పీ99 మీదే.

చిత్తూరు మామిడి మండీ కోసం రోజుకు 300 కాల్స్ వచ్చే యాప్ రాసే కుర్రాళ్ల లెక్క వేరు. అక్కడ ఒక శాతమంటే 3 కాల్స్. డేటాబేస్ నాలుగుసార్లు తడబడితే చాలు, పీ99 ఎగిరిపోతుంది. వాళ్లకు ఆ అంకె కన్నా ఎర్రర్ ట్రాకరే ముందు కావాలి, ఉచిత ప్లాన్ చాలు.