ఇంటి పంపు, ప్రెషరు ట్యాంకు

గిలకబావి నుండి చేదతో తోడుకొన్న దినములలో నీటి బరువెంతో మన చేతులకు తెలియుచుండెను. నేడు గోడమీది మీట నొక్కిన చాలును, నీరు మేడమీదికి వచ్చుచున్నది. బరువు మాత్రము తగ్గలేదు, మోయువాడు మారినాడు. ఆ మోయువాని కష్టమెరుగక మేమొక మోటారును కాల్చుకొంటిమి.

ఒక వేసవిలో మా యింట కుళాయి విప్పినప్పుడెల్ల మోటారు నాలుగైదు సెకన్లు నడచి ఆగుటయు, వెంటనే మరల నడచుటయు జరుగుచుండెను. నీరు వచ్చుచునే యున్నది గదా యని ఉపేక్షించితిమి. నెల తిరుగక మునుపే వైండింగు మాడిన వాసన వచ్చినది. కొత్త వైండింగు వేయించితిమి. మరల అదే వరుస. రెండవసారి వచ్చిన పనివాడు మోటారును ముట్టలేదు. ట్యాంకును వ్రేళ్లతో తట్టి చూచి, “దోషము మోటారుది కాదండీ, ట్యాంకులో గాలి లేదు” అనెను. నీళ్ల ట్యాంకులో గాలి యెందుకు? ఆనాడు మేమడిగిన ఆ ప్రశ్నకు సమాధానము ప్రతి గృహస్థునకు ఉపయోగపడునని తలచి యిచట వివరించుచున్నాము.

మొదట పంపు సంగతి. పంపు నీటిని పీల్చునని అందుము. నిజమునకు పంపు గొట్టములోని గాలిని తొలగించును. బావిలోని నీటిపై పడు వాయుమండలపు బరువే నీటిని పైకి నెట్టును. ఆ బరువు మోయగల నీటిస్తంభము ఇంచుమించు 10.3 మీటర్లు మాత్రమే. బావి పంపులు ఒక మేరకు మించి నీటినెత్తజాలవని గలిలియో 1638లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. వాయుమండలపు బరువే కారణమని టోరిచెల్లి 1644లో లేఖలలో వివరించెను. గొట్టములోని రాపిడి మొదలగునవి పోగా, గట్టుమీది పంపునకు 7 మీటర్ల లోతే మేలైన హద్దు. కనుకనే నీరు పైపైన దొరకు డెల్టా గ్రామములలో గట్టుమీది పంపు చాలును. వందల అడుగుల బోర్లుగల హైదరాబాదు ఇండ్లలో నీటిలో మునిగియుండి క్రిందినుండి నెట్టు సబ్మెర్సిబుల్ పంపు కావలెను.

గట్టుమీది పంపును నీటికి వీలైనంత దగ్గరగా నిలుపవలెను. పీల్చు గొట్టము పంపు మూతికన్న సన్నము కారాదు. వంపులు తక్కువగా నుండవలెను. అతుకులలో సూది మోపినంత సందున్నను గాలి చొరబడి నీరు రాదు. గొట్టము చివర ఫుట్ వాల్వు ఉండవలెను. మొదటిసారి నడుపునపుడు పంపును నీటితో నింపిన పిదపనే మీట వేయవలెను. నీరు లేక తిరిగిన పంపులో నీటిని ఆపు సీలు కొద్ది నిమిషములలోనే మాడిపోవును.

ఇక ట్యాంకు. మేడపై తొట్టి కుళాయికన్న మూడు మీటర్ల ఎత్తున నున్నచో కుళాయివద్ద ఒత్తిడి చదరపు అంగుళమునకు ఇంచుమించు నాలుగు పౌన్లే. అందుచేతనే పై అంతస్తులో నీరు మందముగా వచ్చును. ప్రెషరు ట్యాంకు ఆ లోటు తీర్చును. దానిలో రబ్బరు సంచికి ఒకవైపు నీరు, మరియొకవైపు గాలి యుండును. నీరు నొక్కినను అణగదు. గాలి అణగును, వదలిన వ్యాకోచించును. పంపు గాలిని అణచి నిలువ చేయును. కుళాయి విప్పినపుడు ఆ గాలియే నీటిని తరుమును. ఒత్తిడి 20 పౌన్లకు దిగినపుడు మోటారు నడచునట్లును, 40 పౌన్లకు ఎక్కినపుడు ఆగునట్లును ప్రెషరు స్విచ్చి చూచుకొనునని అనుకొందము. అప్పుడు 100 లీటర్ల ట్యాంకు మోటారు సాయము లేక ఇంచుమించు 34 లీటర్ల నీరిచ్చును. అనగా రెండు బకెట్లు నిండువరకు మోటారునకు విశ్రాంతి. అదే 24 లీటర్ల ట్యాంకైనచో ఎనిమిది లీటర్లే.

గాలి తగ్గినచో ఈ నిలువ పోవును. చెంబెడు నీటికే ఒత్తిడి పడిపోయి మోటారు లేచును. మోటారు లేచునపుడెల్ల మామూలుకన్న ఐదారు రెట్లు విద్యుత్తు లాగును. ఆ వేడి చల్లారకమునుపే మరల మరల లేచినచో వైండింగు మాడక మానదు. మా యింట జరిగినది ఇదియే.

కావున ఆరు నెలలకొకసారి గాలిని పరీక్షింపవలెను. మెయిన్ స్విచ్చి ఆపి, కుళాయి విప్పి, ట్యాంకులోని నీరంతయు పోనీయవలెను. నీరుండగా చూచిన లెక్క సరికాదు. ట్యాంకుమీది చిన్న వాల్వు స్కూటరు టైరు వాల్వువంటిదే. టైరు గేజితోనే చూడవచ్చును. మోటారు లేచు ఒత్తిడికన్న రెండు పౌన్లు తక్కువగా, అనగా పై లెక్కలో 18 పౌన్లు ఉండవలెను. తక్కువైన సైకిలు పంపుతో కొట్టవచ్చును. వాల్వునుండి నీరు చిమ్మినచో సంచి చినిగినదని తెలియవలెను. కుళాయిలన్నియు కట్టియుండగా మోటారు దానంతట లేచినచో, ఎచటనో కారుచున్నది, లేదా నీరు వెనుకకు పోకుండ ఆపు వాల్వు చెడినది. మోటారు గుయ్యిమని మూలుగుచు తిరుగకున్న వెంటనే ఆపి, వోల్టేజిని, కెపాసిటరును చూపింపవలెను.

రెండు విషయములలో పొదుపు పనికిరాదు. మోటారునకు ఎర్తు తీగయు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే విద్యుత్తును తెంచు రక్షక స్విచ్చియు తప్పక యుండవలెను. నీటిచెంత విద్యుత్తు లోకువ చేయదగినది కాదు. రెండవది, పురపాలక నీటి గొట్టమునకు మోటారు నేరుగా తగిలింపరాదు. ఆ లాగుడుకు గొట్టపు పగుళ్లనుండి మురుగు లోనికి చేరును; మన సౌకర్యము వీధివారి రోగమగును. నీటిని సంపులోనికి రానిచ్చి, అచటినుండి తోడుకొనుటే ధర్మము.

ఈ వారము ఒకసారి కుళాయి విప్పి బకెట్టు పట్టి చూడుడు. అది నిండులోపల మోటారు ఎన్నిసార్లు లేచి ఆగినదో లెక్కింపుడు. మరల మరల లేచినచో, మోటారు వద్దకు పోవుటకు ముందు గాలి చూపుడు. ఆ లెక్క మేము ముందే వేసియుండినచో రెండు వైండింగుల డబ్బు మా యింటనే మిగిలెడిది.