అణు ప్రమాదం జరిగితే అయోడిన్ ఎందుకు ఇస్తారు?

1986 ఏప్రిల్ 26న అప్పటి సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్‌లో అణు రియాక్టర్ పేలింది. కొద్ది రోజుల్లోనే పక్కనున్న పోలండ్‌లో కోటిమందికి పైగా పిల్లలకు అయోడిన్ మందు తాగించారు. ఎందుకు?

మన గొంతులోని థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ కావాలి. అది మామూలుదో, రేడియోధార్మికమైనదో గ్రంథికి తేడా తెలియదు. ముందే మంచి అయోడిన్‌తో నిండిపోతే, సీట్లన్నీ నిండిన బస్సులా, చెడ్డదానికి చోటుండదు. అది చాలావరకు మూత్రంలో పోతుంది.

రియాక్టర్ పేలినప్పుడు గాలిలోకి వచ్చే రేడియోధార్మిక అయోడిన్ గడ్డి మీద పడుతుంది. ఆ గడ్డి ఆవు మేస్తే పాలలోకి వస్తుంది. పాలు ఎక్కువగా తాగేది పిల్లలే కదా! అందుకే పోలండ్ చిన్నపిల్లలకు పాలపొడి ఇచ్చింది. చెర్నోబిల్ చుట్టుపక్కల మాత్రం ఆ పాలు సకాలంలో ఆపలేదు. తర్వాత వేలమందికి థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. ఆ పాలు ఆపకపోవడం ఘోరమైన నిర్లక్ష్యం.

అయోడిన్ కాపాడేది థైరాయిడ్‌నొక్కదాన్నే. అధికారులు చెప్పినప్పుడే వేసుకోవాలి.