గుల్ల సున్నపు ఉత్ప్రేరకం

ఆల్చిప్పలు, నత్తగుల్లల వంటి వ్యర్థాలను దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చినప్పుడు, వాటిలో అధికభాగమైన కాల్షియం కార్బొనేట్ నుంచి కార్బన్ డయాక్సైడ్ వెలువడి కాల్షియం ఆక్సైడ్, అంటే పొడి సున్నం, మిగులుతుంది. దానినే బయోడీజిల్ తయారీలో ఉత్ప్రేరకంగా, అనగా తాను ఖర్చు కాకుండా రసాయన చర్యను వేగవంతం చేసే పదార్థంగా, వినియోగిస్తారు. కోస్తాలో గుల్ల సున్నం బట్టీలు తరతరాలుగా చేసిన పని ఇదే, ప్రయోజనం మాత్రమే కొత్తది.

నూనెలోని ట్రైగ్లిజరైడ్లు సుమారు 60–65 డిగ్రీల వద్ద మిథనాల్‌తో చర్య జరిపి మిథైల్ ఎస్టర్లుగా, అంటే బయోడీజిల్‌గా, మారుతూ గ్లిజరాల్‌ను విడిచిపెట్టే ప్రక్రియను ట్రాన్స్‌ఎస్టరిఫికేషన్ అంటారు. సాధారణంగా వాడే సోడియం హైడ్రాక్సైడ్ మిశ్రమంలో కరిగిపోవడంతో ఇంధనాన్ని పలుమార్లు నీటితో కడగవలసి వస్తుంది. సున్నం చాలావరకు ఘనరూపంలోనే ఉంటుంది కనుక దానిని వడగట్టి మళ్లీ వాడవచ్చు. అయితే ఈ సౌలభ్యాన్ని కొంత తగ్గించి అంచనా వేయడమే సమంజసం: గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకొని సున్నం చేవ కోల్పోతుంది, కొంత కాల్షియం ద్రవంలోకి జారుకుంటుంది, వాడిన వంటనూనెలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు ఎక్కువైతే ఇంధనానికి బదులు సబ్బు ఏర్పడుతుంది. పైగా గుల్లలను కాల్చడానికే ఇంధనం కావాలి.