రాగి చెంబూ, విషపు పాల ఎలుకా

మన్సూరాబాద్‌లో మా గది యజమానురాలు రోజూ రాత్రి రాగి చెంబులో నీళ్ళు పోసి ఉంచుతారు. ఈ వ్యాసం సంగతి విని, "అయితే చెంబు అటకెక్కించమంటావా బాబూ?" అన్నారు. అక్కర్లేదన్నాను. ఒంటికి కాస్త రాగి కావలసిందే. ఎక్కువైనదాన్ని కాలేయం పైత్యరసంలో కలిపి బయటికి తోసేస్తుంది. ఆ పని ఏటీపీ7బీ అనే ప్రోటీనుది. దాని జన్యువు తల్లి నుంచీ, తండ్రి నుంచీ చెడినదే వస్తే రాగి కాలేయంలోనూ, మెదడులోనూ పేరుకుంటుంది. 1912లో విల్సన్ వర్ణించిన జబ్బు ఇదే.

లక్షణాలు కనబడక ముందే లోపల ఏం జరుగుతోందో మనిషిని కోసి చూడలేం గదా! అందుకే జంతువులు.

1983లో ఒక రకం చిట్టెలుకలకు 'విషపు పాల' ఎలుకలని పేరు పెట్టారు. ఆ తల్లుల పాలు తాగిన పిల్లలు రెండు వారాలకే చచ్చిపోయేవి. మా ఊళ్ళో గొర్రె చస్తే దాని పిల్లను ఇంకో గొర్రెకు మాలిమి చేస్తాం. శాస్త్రజ్ఞులూ అదే చేశారు. మామూలు తల్లి పాలతో పిల్లలు బతికాయి. ఇంతకీ ఆ పాలలో విషం లేదు, ఉండవలసిన రాగి లేదు! పాలలోకి రాగిని పంపేదీ ఆ ప్రోటీనే. బతికిన పిల్లలకు పెద్దయ్యాక కాలేయం నిండా రాగి. ఒకే లోపం పాలకు కరువు, కాలేయానికి వరద అన్నమాట. పేరు పెట్టినవాళ్ళు తొందరపడ్డారనే నా అభిప్రాయం.

జపాన్‌లోని ఎల్.ఇ.సి. ఎలుకలకు కామెర్లు వాటంతటవే వచ్చేవి. మన తార్నాక పోషకాహార సంస్థలో ఊబ ఎలుకలు పుట్టినట్టే, ఎవరూ చేసింది కాదు. వాటిలోనూ చెడింది ఈ జన్యువేనని 1994లో తేలింది. మనుషులకు 1956 నుంచీ వాడుతున్న పెనిసిలమిన్ ముందే ఇస్తే ఈ ఎలుకలకు కాలేయపు వాపు రాలేదు.

బెడ్లింగ్టన్ టెర్రియర్ కుక్కల కాలేయంలోనూ రాగి పేరుకుంటుంది. కాని వాటి లోపం కామ్‌డీ1 అనే వేరే జన్యువుదని 2002లో తెలిసింది. ఆకు పచ్చబడ్డ ప్రతి చేనుకూ తెగులొకటే కాదు మరి. పైగా మనిషికొచ్చే చేతి వణుకు, మాట తడబాటు ఎలుకల్లో సరిగ్గా కనబడవు.

మా ఇంట్లో రెండు తరాలుగా మేనరికాలే. ఒకే తాతగారి చెడిన జన్యువు అటూ ఇటూ కలిసే అవకాశం అక్కడ ఎక్కువ. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు తేలితే తోబుట్టువులు ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశముంది. ఎలుకల్లో చూసినట్టే మందు ముందుగా పడితేనే కాలేయం నిలుస్తుంది గనుక, ఏ బాధా లేకపోయినా రక్తంలో సెరులోప్లాస్మిన్, మూత్రంలో రాగి పరీక్ష చేయించాలి.