డబ్బా మార్చే ఖర్చు ఎవరిది? పాలమూరు వాడల్లో హెచ్‌డీ టీవీ

2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో బడులు తెరవలేదు కానీ పాఠాలు మొదలయ్యాయి. కరోనాతో ఇళ్లకే పరిమితమైన ప్రభుత్వ బడుల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు చెప్పారు. గురుకులాల నుంచి వాడలకు తిరిగొచ్చిన మన పిల్లలకు టీవీయే తరగతి గది అయింది. ఇంట్లో టీవీ ఉండి కూడా బొమ్మ రాకపోతే ఆ రోజు బడి పోయినట్టే. అందుకే ఎస్‌డీ నుంచి హెచ్‌డీకి మారడాన్ని మేము హక్కుల కోణంలో చూస్తున్నాం.

ముందు సాంకేతిక విషయం తెలుసుకుందాం. ఎస్‌డీ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలుంటాయి. పూర్తి హెచ్‌డీలో అవి 1920, 1080. లెక్క వేస్తే సరిగ్గా ఐదు రెట్లు. ఇంత సమాచారాన్ని ఉపగ్రహం నుంచి పంపాలంటే బాగా కుదించాలి. పాత పద్ధతి ఎంపెగ్-2, కొత్తది ఎంపెగ్-4. అదే నాణ్యత గల బొమ్మను ఎంపెగ్-4 దాదాపు సగం జాగాలో పంపగలదు. మన దేశంలో 2007లో మొదలైన సన్ డైరెక్ట్ మొదటి నుంచే ఎంపెగ్-4 వాడింది. అంతకుముందు వచ్చిన డీటీహెచ్ సర్వీసులు ఎంపెగ్-2తో మొదలై తర్వాత మారాయి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎంపెగ్-4, హెచ్‌డీ ఒకటి కావు. ఎస్‌డీ చానల్‌ని కూడా ఎంపెగ్-4లో పంపొచ్చు. అలా పంపితే పాత ఎంపెగ్-2 డబ్బా దాన్ని చదవలేదు. తెర నల్లగా ఉంటుంది, లేదా చానల్ పేరు కనిపించి బొమ్మ రాదు. ఇంట్లోవాళ్లు టీవీ పాడైందనుకుంటారు, లేదా కొత్త హెచ్‌డీ టీవీ కొనక తప్పదనుకుంటారు. నిజానికి డబ్బా మారిస్తే చాలు. ఏవీ వైరు పెట్టుకునే సాకెట్ ఉన్న ఎంపెగ్-4 డబ్బాని పాత డొప్ప టీవీకి కూడా తగిలించొచ్చు. హెచ్‌డీ స్పష్టత మాత్రం రాదు. దానికి హెచ్‌డీ చానల్, హెచ్‌డీ డబ్బా, హెచ్‌డీ టీవీ మూడూ కావాలి.

ఈ మార్పులో లాభం ఎవరికి, ఖర్చు ఎవరికి? ఉపగ్రహంలో జాగాకు అద్దె కట్టాలి. సగం జాగాలో పని అయితే మిగులు ప్రసారం చేసేవాళ్లది. కొత్త డబ్బా ఖర్చు మాత్రం చూసేవాళ్లది. నెలజీతం వచ్చే ఇంటికి అది చిన్న ఖర్చే. పంటల కాలంలో గద్వాల సీడ్ పత్తి చేన్లకు, మిగతా కాలంలో హైదరాబాద్, ముంబై పనులకు పోయే ఇంటికి అది కొన్ని రోజుల కూలి.

నెలనెలా కట్టే పైసల్లోనూ ఇదే తీరు. 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలైన ట్రాయ్ నిబంధనల ప్రకారం 100 ఎస్‌డీ చానళ్ల దాకా నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు, పన్నుతో కలిపి 153 రూపాయల 40 పైసలు. ఆ లెక్కలో ఒక హెచ్‌డీ చానల్ రెండు ఎస్‌డీ చానళ్లతో సమానం. అదే వార్త, అదే సీరియల్, కానీ హెచ్‌డీలో చూస్తే రెండు చానళ్ల కింద లెక్క. 2020లో ఆ 130 రూపాయలకే చానళ్ల సంఖ్య 200 అయింది. 2024లో ఆ రుసుముపై ఉన్న పరిమితినే ఎత్తేశారు.

నెలనెలా కట్టలేని ఇళ్లకు మిగిలింది దూరదర్శన్ ఉచిత డిష్. 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైన ఈ సర్వీసుకు నెల చందా లేదు. ఇందులో ఎంపెగ్-2, ఎంపెగ్-4 చానళ్లు రెండూ ఉన్నాయి. పాత డబ్బా ఉన్న ఇంటికి రెండో రకం చానళ్లు రావు. డిష్ కూడా వద్దనుకుని యాంటెన్నాతో చూసినవాళ్లకు ఆ దారీ మూసుకుపోయింది. కొన్ని చోట్ల తప్ప దేశమంతటా పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను ప్రసార భారతి 2022 మార్చి నాటికి ఆపేసింది.

పాలమూరుకు ఉపగ్రహ టీవీ కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 ఊళ్లకు టీవీ పాఠాలు, వ్యవసాయ కార్యక్రమాలు పంపిన 'సైట్' ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అప్పుడు ఊరికొక ప్రభుత్వ టీవీ పెట్టారు. ఊరి నడుమ పెట్టిన టీవీ ముందు వాడవాళ్లు ఎక్కడ కూర్చోవాలనే ప్రశ్న ఉండేది. ఇప్పుడు ఇంటింటికీ టీవీ వచ్చింది కాబట్టి ఆ ప్రశ్న తీరిపోయినట్టు కనిపిస్తుంది. కానీ అప్పట్లో పరికరం ఖర్చు ప్రభుత్వానిది, ఇప్పుడు కూలివాళ్లది.

ప్రభుత్వం దగ్గర పథకం లేక కాదు. 2023 జనవరిలో కేంద్ర కేబినెట్ 2,539.61 కోట్ల రూపాయలతో 'బైండ్' పథకాన్ని ఆమోదించింది. మారుమూల, గిరిజన, సరిహద్దు, నక్సల్ ప్రభావిత ప్రాంతాల్లో, ఆకాంక్షిత జిల్లాల్లో 8 లక్షలకు పైగా ఉచిత డబ్బాలు ఇస్తామని అందులో ఉంది. ఆకాంక్షిత జిల్లాలుగా తెలంగాణ నుంచి ఎంపికైనవి ఆసిఫాబాద్, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఆ జాబితాలో లేవు. 2011 జనాభా లెక్కల ప్రకారం గద్వాల జిల్లాలో చదవడం వచ్చినవాళ్లు సగం మంది కూడా లేరు. పేపర్ చదవలేని ఇంటికి వార్త చెప్పేది టీవీయే కదా.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఆ ఆస్తిని పొదుపుగా వాడుకోవడం వల్ల వచ్చే లాభంలో వాడకూ వాటా ఉండాలి. కార్యకర్తలు, విద్యార్థులు చేయగలిగిన పనులు మూడు ఉన్నాయని మేము అనుకుంటున్నాం. మొదటిది, బైండ్ డబ్బాలు నాగర్‌కర్నూల్‌లోని అమ్రాబాద్ చెంచు పెంటలకు, మిగతా పాలమూరుకు ఎన్ని వచ్చాయో సమాచార హక్కు చట్టం కింద ప్రసార భారతిని అడగడం. రెండోది, చదువుకు అవసరమైన డబ్బాలను 2017 నాటి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద ఇవ్వాలని కలెక్టర్లకు దరఖాస్తు పెట్టడం. మూడోది అన్నిటికన్నా తేలిక. మీ వాడలో బొమ్మ రాని టీవీ కనిపిస్తే, కొత్తది కొనమనేముందు డబ్బా ఎంపెగ్-2నా, ఎంపెగ్-4నా చూడండి. ఒక ఇంటికి అప్పు తప్పుతుంది.